తెలుగు బైబిలు పఠనము: ఆరంభకులకు చరిత్ర చూపిన మార్గము

బైబిలు అనునది ఒక్క పుస్తకము కాదు, పెక్కు పుస్తకముల కూర్పు. ప్రొటెస్టంటు సంఘముల బైబిలులో పాత నిబంధన గ్రంథములు 39, కొత్త నిబంధన గ్రంథములు 27, వెరసి 66 కలవు. కథోలిక సంఘము వారు పాత నిబంధనలో మరి 7 గ్రంథములను చేర్చి 73 చదువుదురు. ఈ సంగతి నెరుగని క్రొత్త పాఠకుడు మొదటి పుటనుండి కథవలె చదువ నారంభించును. ఆదికాండము ఉత్సాహముగ సాగును. నిర్గమకాండము నడుమ అలసట కలుగును. లేవీయకాండమున బలివిధులు చూచి పుస్తకము మూసివేయును. ఇది అతని భక్తిలోపము కాదు, ఎక్కడ మొదలిడవలెనో చెప్పువారు లేకపోవుటయే. ఆ మాటను మన తెలుగు బైబిలు చరిత్రయే చెప్పుచున్నది.

పదునెనిమిదవ శతాబ్దపు ఆరంభమున ఫ్రెంచి జెసూట్ గురువులు పుంగనూరు, చిక్కబళ్ళాపురము ప్రాంతములలో తెలుగున బోధించుచుండిరి. ఆ శతాబ్దముననే మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను 'వేదాంత రసాయనము' అను పద్యకావ్యముగ రచించెను. ఇట్లు మన వారిలో కొందరికి ఈ కథ అచ్చు గ్రంథముగ గాక, ముందుగ బోధగను పద్యముగను చేరినది.

జర్మనీ దేశీయుడైన బెంజమిన్ షుల్జ్ మదరాసున నుండి 1732 నాటికి బైబిలును తెలుగు చేసెను గాని ఆ అనువాదము అచ్చుకు నోచుకొనలేదు. ఆయన స్వదేశమునకు మరలిన పిమ్మట 1746, 1747 సంవత్సరములలో హాలే నగరమున అచ్చువేయించినవి ప్రశ్నోత్తర రూపమైన ఉపదేశము మొదలగు చిన్న పుస్తకములు మాత్రమే. తెలుగు అచ్చుచరిత్రలో ఇవి తొలి పుస్తకములు.

1805లో లండను మిషను వారైన జార్జి క్రాన్, ఆగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్టణము చేరి, ఆనందరాయరను దేశీయ విద్వాంసుని తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయసాగిరి. క్రాన్ 1809లోను, డే గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి శ్రమఫలముగ మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున ముద్రితమయ్యెను. ఆ యేడు మార్చి 11వ తేదీననే అచటి ముద్రణాలయము అగ్నికి ఆహుతియై, అనేక భాషల అచ్చక్షరములు, వ్రాతప్రతులు నశించినవి. అయినను పని నిలువలేదు. విలియం కేరీ తెలుగు కొత్త నిబంధన 1818లో అచటనే వెలువడెను. సంపూర్ణ బైబిలు తెలుగున సిద్ధమగునప్పటికి పందొమ్మిదవ శతాబ్దము సగము గడచినది.

అనగా మన పూర్వులలో తొలి పాఠకుల చేతికి వచ్చినది బరువైన పెద్ద గ్రంథము కాదు, ఒకటి రెండు సువార్తల చిన్న ప్రతి. ఆరంభకులకు నేటికిని అదియే సరియైన క్రమము. మార్కు సువార్తలో 16 అధ్యాయములే కలవు. దినమునకు ఒక్కటి చొప్పున చదివినను పదునారు దినములలో ముగియును. పిమ్మట లూకా సువార్త, దానికి తరువాయిగ అపొస్తలుల కార్యములు, వాని నడుమ నడుమ కీర్తనలును చదువవచ్చును. పాత నిబంధనకు అటుపిమ్మట మరలినచో, అంతకుముందు సువార్తలలో విన్న అబ్రాహాము, మోషే, దావీదు పేర్లు పరిచితములై తోచును.

రెండవ సంగతి: ఆనాటి విశ్వాసులలో పలువురు నిరక్షరాస్యులు. వారు చదువలేదు, వినిరి. పల్లెలలో ఉపదేశి సాయంకాలము బిగ్గరగ చదివి చెప్పును. ఇండ్లలోని స్త్రీలకు బైబిలు స్త్రీలనబడువారు చదివి వినిపించుచుండిరి. పురుషోత్తమ చౌధరి (1803–1890) రచించిన కీర్తనలు లేఖన భావములను రాగతాళములతో కంఠస్థము చేయించినవి. 1912లో దోర్నకలు బిషప్పైన వి. యస్. అజరయ్యగారి మండలమున చదువురాని పల్లెవారికి కథలు, ప్రార్థనలు, పాటలు నోటికి నేర్పిరి. కాన ఆరంభకుడు మౌనముగ కన్నులతో పరుగెత్తక, పెదవి కదిపి, వీలైనచో ఇంటివారు వినునట్లు చదువుట మేలు. గ్రాంథిక వాక్యము చెవిన పడినప్పుడే దాని విరుపు తెలియును.

మూడవది, తోడు. అపొస్తలుల కార్యముల ఎనిమిదవ అధ్యాయమున ఐతియొపీయుడైన ఒక అధికారి రథమున కూర్చుండి యెషయా గ్రంథము చదువుచుండును. నీకు తెలియుచున్నదా యని ఫిలిప్పు అడుగగా, చెప్పువాడు లేక ఎట్లు తెలియునని ఆ అధికారి బదులు చెప్పి, అతనిని రథమెక్కించుకొనును. చదువుకొన్న అధికారియే అడుగుటకు సిగ్గుపడలేదు. మనకేల సిగ్గు?

వచన సంఖ్యలను గూర్చియు ఒక మాట. అధ్యాయ విభాగము పదుమూడవ శతాబ్దమున స్టీఫెన్ లాంగ్టన్ చేసినదందురు. నేటి వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ ముద్రించిన కొత్త నిబంధనతో వచ్చినవి. మూల రచయితలు వానిని వ్రాయలేదు. అవి ఇంటి నంబరువలె చోటు కనుగొనుటకే. ఒక్క వచనమును విడదీసి అర్థము చెప్పక, దాని ముందు వెనుకలు చూడవలెను.

ఇక హొసకోటె, కోలారు, చింతామణి సీమలలోని మన కుటుంబముల సంగతి. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము. పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని అక్షరము నెరుగరు. ఇది దాటరాని అగడ్త కాదు. ఈ రెండు లిపులు ఒక్క తల్లి బిడ్డలు. అ, ఇ, గ, జ, బ, ల వంటివి కన్నడము చదివినవాడు చూడగానే గుర్తించును. క, త, శ వంటి కొన్నింటిని, తలకట్టు తీరును ప్రత్యేకముగ నేర్చిన చాలును. మాటలును అంతియే. 'నిబంధన' యనగా షరతు అని భ్రమపడు బాలునికి, కన్నడ బైబిలులో దానినే 'ఒడంబడికె' యందురని చెప్పిన, మన ఒడంబడికయే యని వెంటనే గ్రహించును. సువార్త, కీర్తన యను మాటలు రెండు భాషలలోను దాదాపు ఒక్కటే. ఒకప్రక్క కన్నడ మార్కు, ఒకప్రక్క తెలుగు మార్కు ఉంచుకొని చదివిన, గ్రంథమును లిపియు కలిసి వచ్చును.

ఇందువలని ప్రయోజనము క్రైస్తవ కుటుంబములకు మరింత యెక్కువ. పెక్కు ఇండ్లలో పాత బైబిలు మొదటి తెల్లకాగితములపై తాతముత్తాతలు జననములు, వివాహములు, మరణములు తెలుగున వ్రాసియుంచిరి. ఆ చేవ్రాత చదువగలవారు ఇంటింట తగ్గుచున్నారు. వారు లేనినాడు ఆ పుటలు ఎవరికిని పలుకవు. కావున చదువవచ్చిన పెద్దలు మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆదివారము ఒక్క గంట మార్కు సువార్తతో ఆరంభింపవలెనని మనవి. మన సంఘము వారు తెలుగు, కన్నడ ప్రతులను జతగ సమకూర్చి యిచ్చినచో అది యీ సంవత్సరము చేయదగిన మంచి కార్యము.