గ్యారేజీ ఫ్లోర్‌కి ఎపాక్సీ వేయించే ముందు

అమెరికాలో సొంతిల్లు కొన్నాక మనవాళ్లు చాలామంది చేయించే పని, గ్యారేజీ ఫ్లోర్‌కి రంగు చిప్స్ చల్లిన ఎపాక్సీ కోటింగ్. గ్రానైట్‌లా మెరుస్తుంది, ఖర్చూ తక్కువేం కాదు. ఏడాది తిరక్కుండానే అది టైర్ల కింద పొరలుగా లేచిపోతే, తప్పు చాలాసార్లు ఎపాక్సీది కాదు. కింద కాంక్రీటును సిద్ధం చేయకపోవడమే.

కాంక్రీటు ఎంత గట్టిగా కనిపించినా లోపలంతా సన్నటి రంధ్రాలే. మట్టిలోని తేమ ఆవిరై వాటి గుండా పైకి వస్తుంది. దారి మూసేస్తే కోటింగ్‌నే కింది నుంచి నెడుతుంది. అందుకే ముందు తేమ చూడాలి. 18 అంగుళాల చదరపు ప్లాస్టిక్ షీటును నాలుగు అంచులా టేపుతో అతికించి, కనీసం 16 గంటలు వదిలేయండి. అడుగున నీటి బొట్లు కనిపించినా, కాంక్రీటు నల్లబడినా తేమ ఉన్నట్టే. ఎంత ఉందో తెలియాలంటే కాల్షియం క్లోరైడ్ కిట్ కావాలి. 1,000 చదరపు అడుగులకు రోజుకు 3 పౌండ్లు దాటకూడదన్నది చాలాకాలంగా వాడుతున్న హద్దు. దాటితే తేమను ఆపే ప్రైమర్ వేయాల్సిందే. ఎండాకాలంలో పొడిగా తేలిన ఫ్లోర్ వానాకాలంలోనూ అలాగే ఉంటుందని అనుకోకండి. కొత్త స్లాబ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి.

తర్వాత అక్కడక్కడా నీళ్లు చిలకరించండి. ఇంకిపోతే మంచిదే. ముత్యాల్లా నిలిచాయంటే పాత సీలరో, నూనో ఉన్నట్టు. మనిళ్లలో ఇది మరీ ముఖ్యం. వాసన ఇంట్లోకి రాకూడదని గ్యారేజీలో స్టవ్ పెట్టి జంతికలు, అరిసెలు వండుతాం కదా! ఆ నూనెను డీగ్రీజర్, గట్టి బ్రష్‌తో ముందే వదిలించాలి. యాసిడ్ నూనెను తీయదు.

ఇక ఉపరితలాన్ని గరుకు చేయడం. నా ఓటు డైమండ్ గ్రైండర్‌కే. దుమ్ములో సిలికా ఉంటుంది కాబట్టి వాక్యూమ్ బిగించిన మెషీనే అద్దెకు తీసుకోండి, రెస్పిరేటర్ పెట్టుకోండి. మ్యూరియాటిక్ యాసిడ్ అంటే మన కెమిస్ట్రీ ల్యాబులోని హైడ్రోక్లోరిక్ యాసిడే. సిమెంటులోని సున్నంతో కలిసి కాల్షియం క్లోరైడ్ ఉప్పు అవుతుంది. సరిగా కడగకపోతే ఆ ఉప్పు తేమను పీల్చి కోటింగ్‌ని అంటనివ్వదు. వాడక తప్పదంటే నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు కాదు. బ్లీచ్ దగ్గరికి రానివ్వకూడదు, క్లోరిన్ వాయువు పుడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఈ పద్ధతి నాకు నచ్చదు.

పగుళ్లు పూడ్చి, దుమ్మంతా వాక్యూమ్ చేశాక ప్రైమర్ వేయాలి. స్లాబ్ వేడి మంచు బిందు ఉష్ణోగ్రత కంటే కనీసం 5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువుండాలి. పొద్దున వేస్తే, ఎండకు స్లాబ్ వేడెక్కి రంధ్రాల్లో గాలి ఉబ్బి బుడగలొస్తాయి. స్లాబ్ చల్లబడే సాయంత్రమే నయం. గ్యారేజీలో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే, సాల్వెంట్ ఉన్న సీలర్ డబ్బా మూత తీయకముందే పైలట్ మంట ఆర్పేయండి.

కాంట్రాక్టర్‌కి ఇస్తుంటే, కోట్‌లో ‘సర్ఫేస్ ప్రిపరేషన్’ అన్న ఒక్క ముక్కతో ఊరుకోకండి. గ్రైండింగా, యాసిడా, తేమ పరీక్ష ఎప్పుడు చేస్తారు, వారంటీలో తేమ వల్ల లేచిపోవడం కూడా ఉందా అన్నవి రాయించుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి.