తలుపూ నోరూ

ఊరు ఎంత పెద్దదో తెలుగువాళ్లం గడపల్లో చెబుతాం. మూడొందల గడప ఉన్న ఊరంటే మనకు వెంటనే అర్థమవుతుంది. మనుషుల్ని పంచవలసి వస్తే తలల్ని లెక్కపెడతాం. తలసరి ఆదాయం అలా వచ్చిన మాటే. చైనావాళ్లు ఇంటిని తలుపుతోనూ, మనిషిని నోటితోనూ లెక్కించారు. ‘హు’ అంటే ఒంటిరెక్క తలుపు. ఆ అక్షరపు పాతరూపం అచ్చంగా తలుపు బొమ్మే. ‘కోవ్’ అంటే నోరు. మీ ఇంట్లో ఎంతమంది అని అడగాలంటే ఈనాటికీ ఎన్ని నోళ్లు అనే అడుగుతారు. జనాభాకు వాళ్ల మాట ‘రెన్‌కోవ్’, అంటే మనిషి నోళ్లు. తలుపునూ నోటినీ కలిపితే ‘హుకోవ్’. గడిచిన డెబ్బై ఏళ్లలో సామాన్య చైనీయుల బతుకును ఇంతగా శాసించిన మాట మరొకటి లేదని నా నమ్మకం. విప్లవం, ప్రజలు, పార్టీ అన్నవి సభల్లో మోగిన మాటలు. ఇది తిండిగింజల దుకాణంలో, బడిలో, పెళ్లిచూపుల్లో వినబడిన మాట.

మాట చాలా పాతది. హాన్ వంశ చరిత్రలో క్రీ.శ. 2 నాటి లెక్క ఉంది: 1,22,33,062 తలుపులు, 5,95,94,978 నోళ్లు. పన్నుకూ, వెట్టికీ, సైన్యానికీ పనికొచ్చే లెక్క అది. అక్కడ హుకోవ్ అంటే ఒక సంఖ్య, రాజ్యానిది. ఇవాళ ఆ మాట మనిషికి చెందుతుంది: అతను ఏ ఊరివాడో చెప్పే సర్కారు నమోదు అది. నాకు బీజింగ్ హుకోవ్ ఉంది అంటారు, అతనికి లేదు అంటారు. హుకోవ్‌ను ఎక్కిస్తారు, మారుస్తారు, కొన్నిచోట్ల కొన్నారు కూడా. 1990లలో షాంఘై వంటి నగరాలు పెట్టుబడి పెట్టినవారికీ, ఇల్లు కొన్నవారికీ నీలి ముద్ర వేసిన హుకోవ్ ఇచ్చాయి. లెక్క కాస్తా ఆస్తి అయింది. ఒక మాట అర్థం ఎప్పుడు మారిందో తేదీతో సహా చెప్పగలగడం అరుదు. ఇక్కడ చెప్పవచ్చు: 1958 జనవరి 9, హుకోవ్ నమోదు చట్టం వెలువడిన రోజు.

అంతకు నాలుగేళ్ల ముందే, 1954 రాజ్యాంగం, ఎక్కడికైనా వెళ్లి ఉండే స్వేచ్ఛ పౌరులకు ఉందని రాసుకుంది. అయితే 1953 నుంచే పల్లెవాళ్లు ‘గుడ్డిగా’ పట్నాలకు ప్రవహించడాన్ని ఆపాలని ఆదేశాలు వెళుతున్నాయి. ఆ గుడ్డి ప్రవాహానికి ‘మాంగ్‌ల్యూ’ అని పేరు పడింది. అక్షరాలు తిరగేస్తే వినబడేది ‘ల్యూమాంగ్’, అంటే రౌడీ. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడి పేరులోనే ఆ అనుమానం చెవిన పడేలా ఉండేది. 1958 చట్టం ప్రకారం పల్లె నుంచి పట్నానికి మారాలంటే ఉద్యోగ పత్రమో, బడిలో సీటు వచ్చిన పత్రమో, పట్నపు అధికారుల అనుమతో ఉండాలి. వ్యవసాయ హుకోవ్ ఒకటి, వ్యవసాయేతర హుకోవ్ ఒకటి. జనం మాత్రం ఈ తేడాను తిండి భాషలోనే చెప్పుకున్నారు. పట్నంవాళ్లు ‘సర్కారు ధాన్యం తినేవాళ్లు’. వాళ్లకు 1955 నుంచి ధాన్యం కూపన్లు ఉన్నాయి. పల్లెవాళ్లకు కమ్యూన్ పంచే ‘కోవ్‌ల్యాంగ్’ ఉంది. దానర్థం నోటిధాన్యం.

ఆ మాటలోని నోరు వట్టి అలంకారం కాదని 1959–61 కరువు చూపించింది. పంట దిగుబడి గురించి పైకి వెళ్లిన అబద్ధపు అంకెలను పట్టుకుని సర్కారు ధాన్యం సేకరించింది. పల్లెల్లో గాదెలు ఖాళీ అయ్యాయి. పట్నపు హుకోవ్ ఉన్నవాళ్లకు రేషను తగ్గింది గానీ ఆగలేదు. పల్లె హుకోవ్ ఉన్నవాళ్లకు వేరే ఊరు వెళ్లినా తిండి పుట్టే దారి లేదు. చనిపోయినవారు ఒకటిన్నర కోట్ల నుంచి నాలుగున్నర కోట్ల వరకు ఉంటారని పరిశోధకుల అంచనాలు. వారిలో అత్యధికులు ధాన్యం పండించినవాళ్లే. ఈ మాట చరిత్ర రాసేవారు ఇక్కడ ఆగకుండా ముందుకు పోకూడదు. ఆ తర్వాత కూడా పట్నాల మీద భారం తగ్గించడానికి సుమారు రెండు కోట్ల మందిని పల్లెలకు తిప్పి పంపారు, హుకోవ్‌తో సహా.

1998 దాకా పిల్లలకు తల్లి హుకోవే వచ్చేది. తండ్రి పట్నంలో ఉద్యోగి అయినా తల్లి పల్లెదైతే బిడ్డ పల్లె నోరే. పట్నంవాళ్లు పల్లె పిల్లను చేసుకోవడానికి ఎందుకు జంకేవారో వేరే చెప్పక్కర్లేదు.

కూపన్లు 1993లో పోయాయి. తిండి బజారుకు వచ్చింది, దాంతో కోట్ల మంది షెన్‌జెన్, గ్వాంగ్‌జౌ ఫ్యాక్టరీలకు తరలారు. వాళ్లకు ‘నోంగ్‌మిన్‌గోంగ్’ అని పేరు: రైతు-కార్మికుడు. చేసేది ఫ్యాక్టరీ పని, కాగితం మీద మాత్రం రైతు. తాత్కాలిక నివాస పత్రం చూపలేకపోతే పట్టుకుని నిర్బంధించి ఊరికి పంపే విధానం ఉండేది. 2003 మార్చిలో గ్వాంగ్‌జౌలో సున్ జిగాంగ్ అనే 27 ఏళ్ల డిజైనర్‌ను అలా పట్టుకున్నారు. మూడు రోజుల్లో, నిర్బంధంలో తిన్న దెబ్బలకు చనిపోయాడు. ‘సదరన్ మెట్రోపోలిస్ డైలీ’ ఆ సంగతి బయటపెట్టింది. జూన్‌లో ఆ విధానాన్ని రద్దు చేశారు. ఆ పత్రికను ఇక్కడ గౌరవంగా తలుచుకుంటున్నాను.

వ్యవసాయ, వ్యవసాయేతర తేడాను 2014లో కాగితం మీద తీసేశారు. 2020 జనగణన నాటికి జనాభాలో 63.89 శాతం పట్టణాల్లో ఉన్నారు. పట్టణ హుకోవ్ ఉన్నవారు మాత్రం 45.4 శాతం. ఆ జనగణనలోనే ‘రెన్‌హు ఫెన్‌లీ’ అనే వర్గం ఉంది. మనిషీ తలుపూ విడిపోవడం అని ఆ మాటకు అర్థం. అలాంటివారు 49 కోట్ల పైచిలుకు. అధికారుల గణాంకాల్లో ఇంత నిజాయితీ గల పదబంధం నాకు మరొకటి కనబడలేదు. హుకోవ్ ఏ రెండింటిని జోడించి పుట్టిందో, అవి కలిసి లేవని అది ఒప్పుకుంటోంది. అయినా జోడింపు చట్టంలో మిగిలే ఉంది. బీజింగ్‌లో పుట్టి అక్కడే చదివిన వలస కూలీల పిల్లలు కళాశాల ప్రవేశ పరీక్ష ‘గావ్‌కావ్’ రాయడానికి, నేటికీ ఎక్కువగా, తల్లిదండ్రుల హుకోవ్ ఉన్న రాష్ట్రానికే పోవాలి. అందుకే చాలామంది ఉన్నత పాఠశాల వయసుకే, తామెన్నడూ ఉండని ఊళ్లో తాతయ్య నానమ్మల దగ్గర చేరుతున్నారు. అమ్మానాన్నలు మాత్రం బీజింగ్‌లోనే ఉండిపోతున్నారు.