అలెక్ గిన్నిస్

అలెక్ గిన్నిస్ (1914–2000) నాటకరంగమునందును, చలనచిత్రములందును, జీవితపు ఉత్తరార్ధమున టెలివిజన్ నందును అసమానమైన ప్రతిష్ఠ నార్జించిన బ్రిటిష్ నటుడు. లారెన్స్ ఒలీవియర్, జాన్ గీల్‌గుడ్, రాల్ఫ్ రిచర్డ్‌సన్ మొదలగు సమకాలిక మహానటులతో పాటు ఈయన పేరు చెప్పబడుచున్నను, ఈయన విద్య వారి విద్యకంటె భిన్నమైనది. ఒలీవియర్ రంగమున నడుగిడినంతనే ప్రేక్షకుడు తాను ఒలీవియర్‌ను చూచుచున్నానని యెరుగును. గిన్నిస్ విషయమున ప్రేక్షకుడు పాత్రను మాత్రమే చూచి, ఆట ముగిసిన పిమ్మట ఆ వేషము ధరించినవాడెవడని విచారించును. తన్ను తాను మరుగుపరచుకొను ఈ శక్తియే ఆయన కళకు మూలాధారము. ఆయన సాధించిన విజయములకును, ఒకటి రెండు అపజయములకును గూడ కారణము నందే వెదుకవలసియున్నది.

ఆయన 1914 ఏప్రిల్ 2వ తేదీన లండను నగరమునందలి మెయిడా వేల్ ప్రాంతమున జన్మించెను. తల్లి ఆగ్నెస్ కఫ్. జనన పత్రమున తండ్రి పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా విడువబడినది. తండ్రి యెవరను సంగతి ఆయనకు జీవితాంతము నిశ్చయముగా తెలియలేదు. తల్లి కొంతకాలము ఒక సైనికోద్యోగిని వివాహమాడి విడిపోయెను. ఈ కారణములచే బాలుడు పదునాలుగేండ్లు నిండునప్పటికే మూడు వేర్వేరు పేర్లతో పిలువబడెను. స్థిరమైన యిల్లు లేక, అద్దె గదులనుండి అద్దె గదులకు మారుచు, పిమ్మట వసతి పాఠశాలలలో పెరిగిన యీ బాలునకు వేషము వేసికొనుట యనునది వినోదము కాక ఆశ్రయమైనదని ఊహించుట అసంగతము కాదు.

చదువు ముగిసిన పిదప లండనులోని యొక ప్రకటనల సంస్థలో వాక్యములు వ్రాయు చిన్న యుద్యోగమున చేరెను. నటనాభ్యాసము కొరకు మార్టిటా హంట్ అను నటి నాశ్రయింపగా, కొన్ని పాఠములైన తరువాత ఆమె ఇతనికి ప్రతిభ లేదని తలచి విరమింపుమని సలహా యిచ్చెను. అతడు విరమింపలేదు. ఫే కాంప్టన్ నాటక విద్యాలయమున విద్యార్థి వేతనము సంపాదించి శిక్షణ పొందెను. ఇరువదవ జన్మదినమున, అనగా 1934 ఏప్రిల్ 2వ తేదీన, ఒక నాటకమున మాటలు లేని చిన్న వేషముతో వృత్తిరంగమున ప్రవేశించెను. ఆ యేడాదియే గీల్‌గుడ్ తన 'హామ్లెట్' ప్రదర్శనమున ఆస్రిక్ పాత్ర నిచ్చి యాదరించెను. 1935లో 'నోవా' అను నాటకమున తనతోపాటు నటించిన మెరూలా సలమన్‌ను 1938లో వివాహమాడెను. వారికి మాథ్యూ అను కుమారుడు 1940లో కలిగెను. వివాహమైన యేటనే ఓల్డ్ విక్ రంగశాలయందు టైరన్ గత్రీ దర్శకత్వమున, ఆధునిక వస్త్రధారణతో, నాటకము నేమాత్రము కుదింపక, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున హామ్లెట్ పాత్రను ధరించెను.

యుద్ధకాలమున ఆయన బ్రిటిష్ రాజ నౌకాదళమున చేరి, 1943లో సిసిలీ ద్వీపముపై జరిగిన దండయాత్రలో సైనికులను తీరమునకు చేర్చు నావ యొకదానికి అధిపతిగా పనిచేసెను. అంతకుముందు 1939లో, డికెన్సు నవలయగు 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్'ను తానే నాటకముగా మలచి, అందు హెర్బర్ట్ పాకెట్ వేషము ధరించియుండెను. ఆ ప్రదర్శనమును చూచిన డేవిడ్ లీన్, యుద్ధానంతరము 1946లో ఆ నవలను చిత్రముగా తీయునపుడు, అదే పాత్రకు గిన్నిస్‌ను పిలిపించెను. దర్శకునకును నటునకును మధ్య దాదాపు నలువదేండ్లు సాగి, ఆరు చిత్రములకు కారణమైన యా సంబంధము, పరస్పర గౌరవముతోను పదేపదే తలయెత్తు కలహములతోను నిండినది.

రెండవ చిత్రమైన 'ఆలివర్ ట్విస్ట్' (1948)నందు ఫేగిన్ వేషము కావలెనని గిన్నిస్ కోరినపుడు, సుకుమారుడైన హెర్బర్ట్ పాకెట్‌గా ఇతనిని చూచిన లీన్ నమ్మలేదు. పరీక్షగా ఒక్కసారి వేషము ధరించి వచ్చెదనని నటుడు వేడుకొనెను. జార్జ్ క్రూక్‌షాంక్ ఆ నవలకు గీసిన చిత్రములను అనుసరించి అలంకరణకారుడు స్టూవర్ట్ ఫ్రీబార్న్ తీర్చిన ముఖముతో గిన్నిస్ కెమెరా యెదుట నిలువగా, దర్శకుడు వేరు మాట లేక ఆ పాత్రను అతనికే యిచ్చెను. అయితే ఆ దీర్ఘ నాసికయు, ఆ వక్ర స్వరూపమును యూదులను అవమానించు వికృత చిత్రణముగా నున్నవని తీవ్రమైన నిరసన చెలరేగెను. అమెరికాలో ఆ చిత్రము 1951 వరకు విడుదల కాలేదు, విడుదలైనప్పుడును కొంత భాగము కత్తిరింపబడెను. లక్షలాది యూదులు హతులై కొలది యేండ్లు మాత్రమే గడచిన కాలమున ఆ నిరసన న్యాయమైనదే. నటనా కౌశలము ఎంత గొప్పదైనను అది ఏ ముఖమును లోకమునకు చూపుచున్నదను ప్రశ్నను తప్పించుకొనజాలదు.

లోకమునకు గిన్నిస్ పేరును స్థిరముగా పరిచయము చేసినవి లండనులోని ఈలింగ్ స్టూడియో నిర్మించిన హాస్యచిత్రములు. వానిలో మొదటిదియు, పలువుర మతమున శ్రేష్ఠమైనదియు 'కైండ్ హార్ట్స్ అండ్ కోరొనెట్స్' (1949). ఉన్నత వంశమునకు చెందిన తల్లిని ఆ వంశమువారు వెలివేయగా, కుమారుడు తనకును ఆ వంశపు డ్యూక్ పదవికిని మధ్య నిలిచిన బంధువులను క్రమముగా నడ్డు తొలగించుకొనుటయే ఇందలి కథ. ఆ బంధువులుగా నాలుగు వేషములు వేయుమని కోరగా, నాలుగే యేల, ఎనిమిదియు నేనే వేసెదనని గిన్నిస్ పట్టుపట్టెను. డ్యూకు, బ్యాంకు యజమాని, మతాచార్యుడు, సేనాని, నౌకాధిపతి, యువకు లిద్దరు, తుదకు స్త్రీల వోటుహక్కు కొరకు పోరాడు లేడీ అగాతా కూడ ఆయనయే. వీరిలో ఆరుగురు ఒకే చట్రమున కనబడు ప్రార్థనాలయ సన్నివేశము కొరకు, ఛాయాగ్రాహకుడు డగ్లస్ స్లొకోంబ్ కెమెరాను కదలకుండ బిగించి, కటకము నెదుట నొక్కొక్క భాగమును మూసి తెరచుచు, ఫిల్మును వెనుకకు త్రిప్పి ఒక్కొక్క వేషమును వేర్వేరుగా చిత్రించెను. కాని యంత్రకౌశలముకంటె విశేషమైనది మరియొకటి కలదు: ఎనమండుగురిలో ఏ యొక్కరును పరిహాసమునకు కూర్చిన బొమ్మ కారు. మందబుద్ధియగు ఆ మతాచార్యుడు సైతము, తన చర్చి కిటికీలను గూర్చి చెప్పుకొను క్షణమున, ప్రేక్షకుని దయకు పాత్రుడగుచున్నాడు. హంతకుని పక్షము వహించి నవ్వుచున్న ప్రేక్షకుని మనస్సులో ఒక ముల్లు గ్రుచ్చుకొనుట యీ నటనవలననే.

1951లో 'ది లావెండర్ హిల్ మాబ్' చిత్రమున, ఇరువదేండ్లు నమ్మకముగా బంగారపు కడ్డీలకు కావలియున్న బ్యాంకు గుమాస్తా ఒకనాడు వానిని కరగించి ఐఫెల్ గోపురపు బొమ్మలుగా పోతపోయించి దేశము దాటించు కథకు నాయకుడుగా నటించి, ఆస్కార్ పరిశీలనకు ఎక్కెను. అదే యేట వచ్చిన 'ది మ్యాన్ ఇన్ ది వైట్ సూట్' మరింత లోతైనది. మాయనిది, చిరుగనిది యగు నూలును కనుగొనిన రసాయన శాస్త్రజ్ఞుడు సిడ్నీ స్ట్రాటన్. బట్ట చిరుగకున్న అమ్మకమేమగునని మిల్లు యజమానులును, నేతపని యేమగునని కార్మికులును ఒక్కటై అతనిని తరుముదురు. ఆ కథను మగ్గములతో బ్రదుకు ఏ సీమవాడైనను మన ఊరి కథగనే గ్రహింపగలడు. 1955 నాటి 'ది లేడీకిల్లర్స్'తో ఈ పరంపర దాదాపు ముగిసినది. ఇంతలో రంగస్థలమున ఒక దెబ్బ తగిలినది. 1951లో తానే నిర్వహించి ధరించిన హామ్లెట్ పరాజయము పొందెను. అడ్డువచ్చినది నటుని సంకోచమే యని తోచుచున్నది. హామ్లెట్ తన్ను తాను దాచుకొనువాడు కాడు గదా. 1953లో కెనడాలోని స్ట్రాట్‌ఫర్డ్‌లో, గత్రీ ప్రోత్సాహమున, గుడారము క్రింద ప్రారంభమైన షేక్స్‌పియర్ ఉత్సవమున మూడవ రిచర్డ్‌గా తొలి ప్రదర్శన నిచ్చి ఆ కీర్తిని మరల నిలువబెట్టుకొనెను.

ఇదే కాలమున ఆయన ఆంతరంగిక జీవితమున గొప్ప పరివర్తనము సంభవించెను. చెస్టర్టన్ కథలనుండి తీసిన 'ఫాదర్ బ్రౌన్' (1954) చిత్రము కొరకు ఫ్రాన్సు దేశమున బర్గండీ ప్రాంతమున నుండగా, ఒక సాయంకాలము మతాచార్యుని అంగీతోనే బసకు నడచిపోవుచున్న ఆయన చేయిని ఒక అపరిచిత బాలుడు పట్టుకొని, ఆచార్యుడే యని నమ్మి, కొంతదూరము ముచ్చటలాడుచు వచ్చి సెలవు తీసికొని పోయెనట. వేషము మాత్రము చేతనే అంత విశ్వాసము కలిగింపగల ధర్మమును గూర్చి ఆయన ఆలోచింప మొదలిడెను. ఆ వెనుక పదునొకండేండ్ల కుమారుడు పోలియో వ్యాధిచే నడుము క్రింద చచ్చుబడి మంచము పట్టినపుడు, తండ్రి దారిలోని చిన్న కాథలిక్ చర్చిలో ప్రతిదినమును ప్రార్థించుచు వచ్చెను. బాలుడు కోలుకొనెను. 1956లో గిన్నిస్ కాథలిక్ మతమును స్వీకరించెను; మరుసటి యేట, ఆయన సింహళమున నున్న సమయమున, మెరూలా కూడ ఆయనకు ముందుగా చెప్పకయే ఆ మతమున చేరెను.

సింహళమున ఆయన యుండుటకు కారణము 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' (1957). జపానువారి చెరలోనున్న కర్నల్ నికొల్సన్, సైనికాధికారులు కూలిపని చేయరాదను నియమము కొరకు ప్రాణము నొడ్డి నిలిచి, గెలిచి, ఆ మీదట బ్రిటిష్ వారి దక్షతను చాటుటకై శత్రువునకే పటిష్ఠమైన వంతెనను కట్టి యిచ్చును. సద్గుణములే క్రమముగా ఉన్మాదమగు ఈ కథయందు ఆ పాత్రను నీరసుడైన మొండివానిగా చూపవలెనని లీన్, అతనియందు మానుషత్వము కొంత మిగుల్పవలెనని గిన్నిస్ నిత్యము తగవులాడుకొనిరి. ఇనుపరేకుల గదిలో ఎండకు మాడ్చి విడిచినపుడు, శిథిలమైన కాళ్లతో, తల వంపక, మైదానమును దాటి నికొల్సన్ నడచు నడక ఆ చిత్రమునకు శిఖరము. పోలియోనుండి లేచిన తన కుమారుడు తిరిగి నడువ నేర్చుకొనిన తీరునుండి ఆ నడకను గ్రహించితినని ఆయన చెప్పెను. ఒక తండ్రి వేదన ఒక సేనాధికారి పట్టుదలగా రూపొందిన ఆ కొలది క్షణములకై ఉత్తమ నటునికీయబడు ఆస్కార్ బహుమానము చిన్నదే యగును. అది ఆయనకు లభించెను. చిత్రమునకు మొత్తము ఏడు ఆస్కార్లు వచ్చెను.

1959లో ఎలిజబెత్ రాణి ఆయనకు సర్ బిరుద మిచ్చెను. 'ట్యూన్స్ ఆఫ్ గ్లోరీ' (1960)నందు త్రాగుబోతు స్కాట్లండు సేనాధికారి జాక్ సింక్లెయిర్‌గా, తన స్వభావమునకు పూర్తిగా విరుద్ధమైన ఉద్రిక్త పాత్రను ధరించెను. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' (1962)లో ఫైజల్ రాకుమారుడు, 'డాక్టర్ జివాగో' (1965)లో యెవ్‌గ్రాఫ్, 'క్రామ్‌వెల్' (1970)లో మొదటి చార్లెస్ రాజు ఆయన ధరించిన యితర ప్రసిద్ధ పాత్రలు.

1977లో జార్జ్ లూకస్ తీసిన 'స్టార్ వార్స్' చిత్రమున ఓబీ-వాన్ కెనోబీ యను వృద్ధ యోధుని వేషము ఆయనకు ధనమును, కోట్లాది బాలుర పరిచయమును ఒక్కమారుగ తెచ్చెను. దర్శకుని రాబడిలో 2.25 శాతము తనకు చెందునట్లు ఒప్పందము చేసికొనుటచే శేషజీవితమునకు లోటు లేకపోయెను. అయినను జీవితకాల పరిశ్రమ నంతటిని ఈ యొక్క పాత్ర మ్రింగివేయుచున్నదని ఆయన బాధపడెను, ఆ బాధ అకారణము కాదు.

ఆయన కళకు పరాకాష్ఠ యేదని యడిగినచో, ఈ వ్యాసకర్త నిస్సంశయముగా జార్జ్ స్మైలీ యని చెప్పును. జాన్ లె కారే నవలను అనుసరించి బి.బి.సి. 1979లో ఏడు భాగములుగా ప్రసారము చేసిన 'టింకర్ టైలర్ సోల్జర్ స్పై', 1982లో ఆరు భాగములుగా వచ్చిన 'స్మైలీస్ పీపుల్' అను ధారావాహికములందు, ఉద్యోగమునుండి తొలగింపబడి, తన గూఢచారి శాఖ శిరస్సుననే దాగిన ద్రోహిని వెదకుటకు మరల పిలువబడిన లావుపాటి ప్రౌఢుడు స్మైలీ. నిజమైన గూఢచారి యెట్లుండునో చూపుమని నటుడు కోరగా, రచయిత ఆయనకు మారిస్ ఓల్డ్‌ఫీల్డ్ అను మాజీ గూఢచారి శాఖాధిపతితో భోజనము నేర్పరచెను. ఆ అతిథి మాటలకంటె ఆయన నడకను, గొడుగు పట్టిన తీరును గిన్నిస్ శ్రద్ధతో గమనించెను. టెలివిజన్ తెర చిన్నది; ముఖము దగ్గరగా కనబడును; అందు అతిగా చేసిన ప్రతి చేష్టయు అసత్యముగ తోచును. స్మైలీ దాదాపుగా ఏమియు చేయడు. ఎదుటివాడు చెప్పుచుండగా వినును. కండ్లజోడు తీసి తుడుచుకొనును. ఒక ప్రశ్న మెల్లగా వేసి మరల మౌనము వహించును. ఆ విను ముఖమున భార్య చేసిన వంచన, మిత్రుని ద్రోహము, కాలముచెల్లిన దేశభక్తి అన్నియు నొకదానివెంట నొకటి కదలుచుండును. రెండు ధారావాహికములకును ఆయనకు ఉత్తమ నటుడుగా బ్రిటిష్ అకాడమీ బహుమానములు వచ్చెను. ఆ మీదట స్మైలీని తలచుకొనునపుడెల్ల గిన్నిస్ కంఠమే తనకు వినవచ్చుచుండెనని లె కారే చెప్పుకొనెను.

భారతదేశముతో ఆయనకు గల ముఖ్య సంబంధము లీన్ చివరి చిత్రమగు 'ఎ పాసేజ్ టు ఇండియా' (1984) మూలమున కలిగినది. ఇ. ఎం. ఫార్‌స్టర్ నవలనుండి తీసిన ఈ చిత్రములో చాల భాగము బెంగుళూరు పరిసరములందు నిర్మితమైనది. విక్టర్ బెనర్జీ డాక్టర్ అజీజ్‌గా నటింపగా, గాడ్‌బోలే అను బ్రాహ్మణాచార్యుని పాత్ర గిన్నిస్‌కు దక్కెను. ముఖమునకు రంగు పూసికొనిన యీ గాడ్‌బోలే మన దేశీయులకు నమ్మదగినవాడుగా తోచడు. పరాయి సంస్కృతియొక్క లోపలి నిబ్బరమును బాహ్య చేష్టలతో పట్టబోయిన యత్నముగనే మిగిలినది. ఆయన శ్రమించి అభ్యసించిన నృత్య సన్నివేశమును కూర్పునందు లీన్ తొలగించుటతో చిరకాల మైత్రికి మరల విఘాతము కలిగెను. ఎనమండుగురు ఆంగ్లేయులుగా మారగలిగిన ఆయన ఒక్క భారతీయుడుగా మారలేకపోయెను. అట్టి పాత్రను భారతీయ నటునికే యీయవలసినదని నేడు వాదింప నక్కరలేదు.

1980లో చలనచిత్ర కళకు చేసిన సేవకై గౌరవ ఆస్కార్, 1994లో కంపానియన్ ఆఫ్ ఆనర్ గౌరవము ఆయనకు లభించెను. డికెన్సు నవలనుండి వచ్చిన 'లిటిల్ డారిట్' చిత్రమున ఋణగ్రస్తుడై చెరసాలలో వృద్ధుడైన విలియం డారిట్ పాత్రకు మరియొకమారు ఆస్కార్ పరిశీలనలో పేరు నిలిచెను. హాంప్‌షైర్ మండలమున పీటర్స్‌ఫీల్డ్ సమీపమునగల స్వగృహమున నిరాడంబరముగా జీవించి, 2000 ఆగస్టు 5వ తేదీన తన 86వ యేట పరమపదించెను. మెరూలా అదే సంవత్సరము అక్టోబరు మాసమున మరణించెను.

ఆయన స్వీయచరిత్ర 'బ్లెసింగ్స్ ఇన్ డిస్‌గైజ్' 1985లో వెలువడినది. ఆ పిమ్మట 'మై నేమ్ ఎస్కేప్స్ మీ' (1996), 'ఎ పాజిటివ్‌లీ ఫైనల్ అప్పియరెన్స్' (1999) అను రెండు దినచర్య గ్రంథములు వచ్చెను. స్వీయచరిత్రలో అధికభాగము గీల్‌గుడ్, గత్రీ, మార్టిటా హంట్ మొదలైన యితరుల చిత్రణమునకే వినియోగింపబడినది. తరువాతి రెండింటను తోట, కుక్కలు, చదివిన పుస్తకములు, ప్రార్థనలు, వార్ధక్యపు చిన్న చికాకులు నిరలంకారమైన చక్కని గద్యమున వర్ణింపబడినవి. నటన నభ్యసింపగోరువారు వీనిలో మొదట స్వీయచరిత్రనే చదువవలెను. గొప్ప నటులను పక్కనుండి చూచుచు తాను నేర్చినదేమో అందు విశదముగా చెప్పబడియున్నది.