టెల్కో కాలనీలో ఆన్‌లైన్ బేరం: కొనేవారికి ఉన్న రక్షణ పాత సామాను అమ్మేవారికి లేదు

రైలింజన్ల తయారీ కోసం 1945లో మొదలైన టాటా కంపెనీ పొట్టిపేరే టెల్కో. 1954లో అది లారీల తయారీలోకి దిగింది. 2003లో టాటా మోటార్స్ అయింది. జంషెడ్‌పూర్‌లోని కాలనీ మాత్రం పాత పేరుతోనే ఉండిపోయింది. ఉక్కు కర్మాగారం రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ నగరంలో తరాలుగా ఉంటున్నాయి.

కంపెనీ క్వార్టర్లకు ఒక లక్షణం ఉంది. ఉద్యోగం ఉన్నంతకాలమే ఇల్లు. రిటైరయ్యాక ఖాళీ చేయాలి. సొంతూరికి వెళ్లినా, పిల్లలున్న హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లినా, ముప్ఫై ఏళ్లుగా పోగైన మంచాలు, బీరువా, ఫ్రిజ్, స్కూటర్ అన్నీ లారీకెక్కించడం గిట్టుబాటు కాదు. ఒకప్పుడు పక్క క్వార్టర్ వాళ్లకో, డ్యూటీలో తోటివాళ్లకో చెబితే బేరం కుదిరేది. ఇప్పుడు ఫోన్లో నాలుగు ఫొటోలు పెడితే గంటలో పది ఫోన్లు వస్తాయి. ఆ పదింటిలో మోసగాడి ఫోన్ కూడా ఉండవచ్చు. అప్పుడే చేతికొచ్చిన గ్రాట్యుటీ, పీఎఫ్ డబ్బు ఉన్నది కూడా అదే ఫోన్‌కు ముడిపడిన ఖాతాలో.

ఆన్‌లైన్ వ్యాపారం అని ఒకే మాటతో పిలుస్తున్నా, అందులో మూడు వేర్వేరు పనులున్నాయి. దుకాణం లాంటి వేదిక మీద కొత్త సరుకు కొనడం ఒకటి. ఇంట్లో వాడిన వస్తువును ముక్కూమొహం తెలియని మనిషికి అమ్మడం రెండోది. చిన్న వ్యాపారం నడపడం మూడోది. చట్టం ఈ మూడింటినీ ఒకేలా చూడదు.

కొనడం

దూరం నుంచి సరుకు తెప్పించుకోవడం మన దేశానికి కొత్త కాదు. తపాలా శాఖ 1877లోనే వీపీపీ మొదలుపెట్టింది. పోస్టుమ్యాన్ పార్శిల్ తెచ్చి, డబ్బు తీసుకుని, పంపినవారికి చేరవేసేవాడు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చింది. టెల్కోకు 831004 దక్కింది. ఇవాళ డెలివరీ కుర్రాడు కాలనీలోకి వచ్చేది ఆ ఆరంకెల ఆధారంతోనే. 2007లో బెంగళూరులో పుట్టిన ఫ్లిప్‌కార్ట్‌కు తొలి ఆర్డర్ ఓ పుస్తకం కోసం వచ్చింది, అదీ మహబూబ్‌నగర్ నుంచి. 2010లో ఆ సంస్థ వస్తువు అందాక డబ్బు ఇచ్చే పద్ధతి తెచ్చింది. కార్డు వాడటానికి జంకే దేశాన్ని ఆన్‌లైన్‌లోకి దించింది ఆ వెసులుబాటే. నిజానికి అది వీపీపీకి మనవడు. పార్శిల్ విప్పకుండానే డబ్బు ఇవ్వాల్సి రావడమనే పాత లోపం కూడా దానితోపాటే వచ్చింది. అందుకే ఖరీదైన ఫోన్లు, టీవీలకు డెలివరీ మనిషి ముందే పెట్టె తెరిచి చూసుకునే సౌకర్యం ఉంటే దాన్ని వదులుకోకూడదు.

కొనేవారు చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పెద్ద వేదికల్లో అమ్మేది సాధారణంగా ఆ వేదిక కాదు. విదేశీ పెట్టుబడి ఉన్న సంస్థలు సొంత సరుకు నిల్వ పెట్టుకుని వినియోగదారుకు నేరుగా అమ్మకూడదని నిబంధన. అందువల్ల అవి అంగడి స్థలం ఇచ్చే యజమాని లాంటివి. సరుకు ఎవరిదన్నది ‘సెల్లర్’ అన్న చిన్న అక్షరాల దగ్గర ఉంటుంది. ధర కన్నా ముందు చూడాల్సింది దాన్ని. 2020 జులైలో అమల్లోకి వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా, సరుకు ఏ దేశంలో తయారైందన్న వివరం చూపాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

పరిష్కరించకపోతే? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 తెలుగులోనూ పలుకుతుంది. అదీ తేలకపోతే 2019 చట్టం ఇచ్చిన గొప్ప వెసులుబాటు ఒకటుంది. కంపెనీ ఎక్కడున్నా, కొన్న మనిషి తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. టెల్కో కాలనీ వాసి బెంగళూరు వెళ్లనక్కర్లేదు, తూర్పు సింగ్‌భూమ్ జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన ధర రూ.5 లక్షల లోపైతే రుసుము లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. బిల్లు, ఆర్డర్ తెరచిత్రం, పెట్టె విప్పుతూ తీసిన వీడియో దాచుకుంటే వాదన సగం గెలిచినట్టే.

పాత సామాను అమ్మడం

ఇక్కడికి వచ్చేసరికి పై రక్షణలు చాలావరకు జారిపోతాయి. వృత్తిగానో వ్యాపారంగానో కాకుండా ఓ వ్యక్తి సొంత హోదాలో చేసే లావాదేవీకి 2020 నిబంధనలు వర్తించవని వాటిలోనే రాసి ఉంది. రిటైరైన ఉద్యోగి తన సోఫా అమ్మితే, దాన్ని ఎవరో కొంటే, అది ఇద్దరి మధ్య బేరం. ప్రకటన వేసిన వేదిక మధ్యవర్తి మాత్రమే. వస్తువు బాగోలేదని కొన్నవారు ఆ నిబంధనల పేరు చెప్పి వేదికను నిలదీయలేరు, డబ్బు రాలేదని అమ్మినవారూ నిలదీయలేరు.

మోసం నడిచే తీరు దాదాపు ఒకటే. ఫోన్ చేసిన మనిషి బేరమాడడు, అదే మొదటి గుర్తు. తాను సైన్యంలో ఉన్నానని, బదిలీ మీద వస్తున్నానని చెప్పి గుర్తింపు కార్డు ఫొటో పంపుతాడు. వస్తువు చూడకుండానే అడ్వాన్స్ పంపుతానంటాడు. ఒక రూపాయి నిజంగానే వేసి నమ్మకం కుదుర్చుకుంటాడు. తర్వాత క్యూఆర్ కోడ్ పంపి ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, మీ ఖాతాలో పడుతుంది’ అంటాడు. కొట్టగానే పడదు, పోతుంది. పొరపాటైంది, వెనక్కి ఇస్తానంటూ ఇంకో కోడ్ పంపుతాడు. రెండోసారి పోయేది మొదటిసారి కన్నా ఎక్కువ.

యూపీఐ 2016 ఏప్రిల్‌లో వచ్చినప్పటి నుంచీ దాని నియమం మారలేదు. పిన్ అడిగేది డబ్బు పంపడానికో, బ్యాలెన్స్ చూసుకోవడానికో. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు, కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు. క్యూఆర్ కోడ్‌లో ఉండేది డబ్బు తీసుకునేవారి చిరునామా. ఇంత చిన్న విషయం చదువుకున్నవారికీ తడబాటు తెస్తున్నదంటే తప్పు వారి తెలివిది కాదు. ఇవ్వడానికీ తీసుకోవడానికీ ఒకే తెర చూపించే రూపకల్పనలోనూ లోపం ఉంది. వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్లే ‘కలెక్ట్’ అభ్యర్థనలను 2025 అక్టోబర్ 1 నుంచి ఎన్‌పీసీఐ ఆపేయించింది. ఓ దారి మూసుకుంది, క్యూఆర్ దారి తెరిచే ఉంది. ‘ఎక్కువ పంపేశాను, మిగతాది తిప్పి పంపండి’ అంటూ నకిలీ సందేశం చూపించే ఎత్తు కూడా మిగిలే ఉంది. డబ్బు వచ్చిందా లేదా అన్నది ఎదుటివాడు పంపిన ఫొటోలో కాదు, సొంత బ్యాంకు ఖాతాలోనే చూసుకోవాలి.

ఈ తరహా నేరాలకు దేశంలో మారుపేరైపోయిన జామ్‌తాడా కూడా జార్ఖండ్‌లోదే. ఆ జిల్లాలోని కర్మాటాఁడ్‌లోనే ఈశ్వరచంద్ర విద్యాసాగర్ తన చివరి రోజుల్లో చాలాకాలం గడిపారు. మన వీరేశలింగాన్ని దక్షిణాది విద్యాసాగరుడని పిలిచింది ఆయనతో పోల్చే. అలాంటి చోటు గుర్తుకొచ్చేది మోసపు ఫోన్లతో కావడం విచారకరం. అయితే ఈ నేరం ఎప్పుడో రాష్ట్రం దాటింది. హరియాణా, రాజస్థాన్ సరిహద్దులోని మేవాత్ ప్రాంతం నుంచీ సాగుతోంది. ఫోన్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది చూసి నమ్మడం, నమ్మకపోవడం రెండూ పనికిరావు.

డబ్బు పోతే చేయాల్సిన మొదటి పని 1930కి ఫోన్. ఆ తర్వాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో, బ్యాంకులో ఫిర్యాదు. దొంగ సొమ్ము నిమిషాల్లో ఖాతా నుంచి ఖాతాకు మారుతుంది. అది ఇంకా ఏదో బ్యాంకులో ఉండగానే కబురు అందితే ఆపగలరు. సిగ్గుపడి రెండు రోజులు ఇంట్లో చెప్పకుండా ఉండటమే చాలాసార్లు అసలు నష్టం. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఖాతాదారు తప్పు లేకుండా మూడోవారి వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో చెబితే అతని మీద భారం ఉండదు. పిన్, ఓటీపీ తానే చెప్పేస్తే, బ్యాంకుకు తెలియజేసేవరకూ పోయినదంతా అతనిదే.

స్కూటర్, కారు విషయంలో డబ్బు చేతికి అందాక కూడా పని అయిపోదు. యాజమాన్య బదిలీకి 29, 30 నంబర్ ఫారాలు ఉన్నాయి. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఆర్‌సీలో పేరు మారనంతవరకూ ప్రమాద పరిహారానికి రికార్డుల్లోని యజమానే బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఖాళీ ఫారాల మీద సంతకం పెట్టి రైలెక్కేసినవారికి ఏళ్ల తర్వాత నోటీసు రావచ్చు.

ఇంటి నుంచి వ్యాపారం

ఆవకాయ, సున్నుండలు చేసి అమ్మాలనుకునే గృహిణికి ముందుగా కావాల్సింది ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్. తర్వాత జీఎస్టీ. సొంత రాష్ట్రంలోనే సరుకు అమ్మే చిన్న వ్యాపారులకు, టర్నోవర్ పరిమితి లోపు ఉంటే, 2023 అక్టోబర్ 1 నుంచి పూర్తి రిజిస్ట్రేషన్ లేకుండా నమోదు సంఖ్యతో వేదికల మీద అమ్ముకునే వీలు కలిగింది. రాష్ట్రం దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జంషెడ్‌పూర్‌కు ఇది చిన్న ఇబ్బంది కాదు. ఒడిశా, పశ్చిమ బెంగాల్ సరిహద్దులు దగ్గరే. రాంచీకి పంపితే ఒక లెక్క, దానికన్నా దగ్గరున్న ఒడిశా ఊరికి పంపితే మరో లెక్క. పైగా రిజిస్ట్రేషన్‌కు చిరునామా రుజువు, ఇంటి యజమాని సమ్మతి కావాలి. క్వార్టర్‌లో ఉండేవారికి ఆ యజమాని కంపెనీయే కాబట్టి ముందుగా అక్కడ అడిగి చూసుకోవాలి.

ధర వేసేటప్పుడు కొత్తవారు మరిచేది రవాణా. కొరియర్ సంస్థలు చాలావరకు అసలు బరువు, పెట్టె పరిమాణం రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే వసూలు చేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం మామూలు లెక్క. కిలో ఆవకాయ సీసా పగలకూడదని 30, 25, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే అది మూడు కిలోల కింద లెక్కకొస్తుంది. అదే ఆవకాయను మందపాటి కవర్లో సీల్ చేసి, చిన్న పెట్టెలో ఇరికిస్తే ఆ తేడా అంతా అమ్మేవారికే మిగులుతుంది.