మంచు ఊరికి వేసవి చుట్టాలు

జూలై నెలలో స్వెట్టరు తొడుక్కుని, చెవులకు మఫ్లరు చుట్టుకుని కాఫీ తాగడమంటే ఏమిటో అరవై ఎనిమిదేళ్ళు నిండాకగాని నాకు తెలిసిరాలేదు. అల్లుడి ఉద్యోగం ధర్మమా అని ఈమధ్య ఓ వేసవిలో నేనూ, మా ఆవిడా స్విట్జర్లాండు వెళ్ళాం. వేసవి ప్రయాణమంటే మాకు చిన్నప్పట్నించీ అమ్మమ్మగారి ఊరే. మామిడిపళ్ళు, తాటిముంజలు, మధ్యాహ్నం వడగాడ్పు, రాత్రి ఆరుబయట నులకమంచం. అటువంటి మమ్మల్ని తీసుకెళ్ళి గ్రిండెల్‌వాల్డ్ అనే కొండ ఊళ్ళో దింపాడు మా అల్లుడు. రాత్రి తొమ్మిదైనా అక్కడ పొద్దుగూకదు. మా ఆవిడ మాత్రం ఎక్కడికి వెళ్ళినా వదలని తన ఖర్చుల పుస్తకం తీసి, "కాఫీలు రెండు" అని రాసి, ఎదురుగా ధర వేసి, దాన్ని రూపాయల్లోకి మార్చి ఓ నిట్టూర్పు విడిచింది.

ఆ కాఫీ హోటలు గోడమీద ఓ పాత బొమ్మ ఉంది. అదే ఊరు, అవే కొండలు. కాని బొమ్మలో కొండల సందులోంచి తెల్లటి మంచు, పెద్ద నాలుకలా బారుగా సాగి, లోయ అడుగుదాకా దిగి వచ్చి ఉంది. దానికి కాస్త ఇవతల పచ్చికలో ఆవులు మేస్తున్నాయి. కిటికీలోంచి చూస్తే ఆవులున్నాయి, పచ్చికుంది. మంచు ఉండవలసిన చోట మాత్రం బూడిదరంగు బండలు!

"గీసినవాడు కాస్త కవిత్వం కలిపి ఉంటాడు" అన్నాను.

"ఆ పక్క బొమ్మలోనూ ఉంది చూడండి. ఇద్దరూ కలిసి ఒకే అబద్ధం గీశారంటారా?" అంది మా ఆవిడ.

ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ మాటతో నా పని పడింది. ఆ రోజునించీ కనబడ్డ పుస్తకమల్లా తిరగేసి నేను తెలుసుకున్న కథ ఇది.

ఆల్ప్స్ అనగానే మనకి తలపుకొచ్చేవి మంచు శిఖరాలు. అక్కడి కొండవాళ్ళకి మాత్రం 'ఆల్ప్' అంటే ఎత్తుమీద ఉండే వేసవి పచ్చిక బీడు. జూన్‌లో మంచు కరగగానే పశువుల్ని పైకి తోలుకెళ్ళి, వేసవంతా అక్కడే మేపి, అక్కడే పాలు పితికి జున్నుగడ్డలు చేసి, సెప్టెంబరులో ఆవుల తలలకు పూలు కట్టి, మెడల్లో గంటలు మోగించుకుంటూ ఊరేగింపుగా కిందికి దింపుతారు. ఇది కొన్ని వందల ఏళ్ళుగా జరుగుతోంది. 2023లో యునెస్కో దీన్ని మానవాళి వారసత్వాల జాబితాలో కూడా చేర్చింది. అంచేత ఆ దేశంలో వేసవి ప్రయాణాలు మొదలెట్టిన ఘనత ఎవరిదయ్యా అంటే, న్యాయంగా ఆవులది!

మనుషులకి మాత్రం ఆ కొండలంటే దడ. పనిబడి కనుమ దాటి అవతలికి పోయేవాళ్ళు తప్ప, ఊరికే చూసిపోదామని వచ్చేవాళ్ళు అరుదు. జ్యూరిక్‌లో షాయ్‌క్సర్ అనే గొప్ప పండితుడుండేవాడు. ఆయన 1723లో అచ్చువేసిన ఆల్ప్స్ యాత్రల గ్రంథంలో మొక్కల గురించి, రాళ్ళ గురించి రాసినంత శ్రద్ధగానూ అక్కడ తిరిగే డ్రాగన్ల గురించి కూడా రాసి, బొమ్మలు వేయించాడు. అంతటివాడే అలా రాస్తే ఇక సామాన్యుడు పిల్లాపాపల్తో వెళ్తాడా?

ఆ భయాన్ని మొదట పోగొట్టింది రాతగాళ్ళే. హాలర్ అనే వైద్యుడు ఆల్ప్స్ మీద రాసిన పద్యకావ్యం 1732లో వెలువడింది. 1761లో రూసో నవల 'జూలీ' వచ్చింది. పట్నవాసం కుళ్ళు, కొండగాలి పవిత్రం అన్న భావం యూరప్ అంతా పాకింది. 1786 ఆగస్టు 8న బాల్మా అనే కొండమనిషీ, పకార్ అనే వైద్యుడూ మోఁ బ్లాఁ శిఖరం ఎక్కి దిగొచ్చారు. డ్రాగన్ ఒక్కటీ ఎదురుకాలేదు! అయినా ఈ యాత్రలన్నీ డబ్బూ, తీరికా ఉన్న దొరబిడ్డలకే. వెంట నౌకర్లూ, సొంత బండ్లూ, నెలల తరబడి మకాములూ ఉండాలి.

ఆ తలుపు మామూలువాళ్ళకి తీసినవాడు థామస్ కుక్. మద్యపాన నిషేధ ప్రచారకుడు. 1841 జూలై 5న ఓ మద్యనిషేధ సభకి దాదాపు 500 మందిని తలకో షిల్లింగు చొప్పున రైల్లో తీసుకెళ్ళడంతో ఆయన వ్యాపారం మొదలైంది. తర్వాత ఏటా స్కాట్లాండుకు జనాన్ని తిప్పేవాడు. 1862లో అక్కడి రైలు కంపెనీలు, ఇక నీకు చౌక టిక్కెట్లు ఇవ్వం పొమ్మన్నాయి. కుక్ తల పట్టుకు కూచోలేదు. మర్నాటి ఏడు, అంటే 1863 వేసవిలో, స్విట్జర్లాండుకు దారితీశాడు. ఒకరు మూసిన తలుపు ఇంకో దేశానికి వాకిలైంది.

ఆ మొదటి యాత్రలో జెమైమా మారెల్ అనే అమ్మాయి ఉంది. అమ్మాయంటే ముప్ఫై దాటిన మనిషే. ఇంగ్లండులో యార్క్‌షైర్ జిల్లా సెల్బీ పట్నం వాళ్ళది. జూన్ 26న లండన్‌లో రైలెక్కి, ఓడ దాటి, పారిస్ మీదుగా జెనీవా చేరారు. కుక్ కొంతదూరం వెంట ఉన్నాడు. ఆపైన ఆమె సోదరుడూ, నేస్తాలూ కలిసిన చిన్న జట్టు సొంతంగా కొండలు పట్టింది. తెల్లవారుజామున నాలుగింటికే లేచి నడక. నేలమీద జీరాడే పరికిణీలు కట్టుకుని, చేతిలో ములుకర్ర పట్టుకుని మేర్ ద గ్లాస్ అనే మంచుసముద్రం దాటారు. నిలువు గోడలాంటి గెమ్మి కనుమ ఎక్కారు. మేం వాటర్ బాటిలూ, మోకాళ్ళ పట్టీలూ వేసుకుని రెండు ఫర్లాంగులు నడిచి బల్లమీద కూలబడ్డ సంగతి ఇక్కడ చెప్పక తప్పదు.

ఆ ప్రయాణంలో వాళ్ళు ఈ గ్రిండెల్‌వాల్డ్‌కు కూడా వచ్చారు. అప్పటికి ఆ మంచు ఊరి దాపుల్లోనే ఉంది. ఆ తర్వాతి రోజుల్లో ఊరివాళ్ళు దాన్ని దిమ్మలుగా కోసి హోటళ్ళకి అమ్మేవారట కూడా. మన పట్నాల్లో ఐసుబండివాడు ఊకలో చుట్టి తెచ్చేవాడే, అలాంటి వ్యాపారమన్నమాట.

జెమైమా చేసిన పెద్ద పని నడవడం కాదు, రాయడం. ఎక్కడ ఏం తిన్నారో, ఎవరు నవ్వారో, ఏ బస ఎలా ఉందో అన్నీ తన జట్టువాళ్ళు చదువుకుందుకు రాసి, బొమ్మలు గీసి పెట్టుకుంది. అది ఎక్కడో మరుగునపడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లో, బాంబులకు కూలిన కట్టడం శిథిలాల్లో ఓ రేకుపెట్టెలో దొరికిందట! యాత్రకి సరిగ్గా నూరేళ్ళు నిండిన 1963లో అచ్చయింది. రాజుల శాసనాలు రాతిమీద చెక్కితే నిలిచాయంటే వింత లేదు. ఓ ఇంటి ఆడపిల్ల రాసుకున్న కాయితాలు బాంబుల్ని తట్టుకోవడం చూడండి!

ఆ కాలపు యాత్రికుల రాతల్లో పదేపదే కనబడే సంగతి ఒకటుంది. అది నన్ను బాగా ఆలోచనలో పడేసింది. దారిపొడుగునా ముష్టెత్తే పిల్లలు! ఓ పిల్లవాడు పూలు తెచ్చి పట్టుకుంటాడు. ఇంకొకడు పశువుల గేటు తెరిచి చెయ్యి చాస్తాడు. ఓ ముసలాయన పొడుగాటి కర్రబూర ఊది ప్రతిధ్వని వినిపించి, ప్రతిధ్వనికి డబ్బులడుగుతాడు. మన యాత్రాస్థలాల్లో ఇలాంటివి చూసి మొహం చిట్లించే విదేశీయుల గురించి విన్నాం. ఒకనాడు అచ్చంగా అలాగే మొహం చిట్లించింది స్విట్జర్లాండును చూసేనంటే నమ్మగలరా?

అవును, అది పేదదేశం. గనులు లేవు, సముద్రం లేదు, కొండల్లో గడ్డి తప్ప పెద్దగా పండేదీ లేదు. 1815 ఏప్రిల్‌లో ఎక్కడో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైతే, ఆ ధూళికి 1816లో యూరప్‌కు వేసవే రాలేదు. వానలకీ చలికీ పంటలు పోయి, 1817లో స్విస్ పల్లెలు కరువుతో అల్లాడిపోయాయి. 1819లో దాదాపు రెండువేల మంది పొట్ట చేతపట్టుకుని బ్రెజిలు ఓడలెక్కారు. దారిలోనే చాలామంది పోయారు. 1850ల్లో కొన్ని గ్రామాలవాళ్ళు తమ ఊరి బీదవాళ్ళకి ఓడ ఖర్చులిచ్చి మరీ అమెరికా పంపేశారు. ఇక్కడ ఉండి తిండికి దండగ, అక్కడికి పోయి బతకండి అని!

ఆ కరువు కొండకి వేసవి చుట్టాలు వచ్చారు. దారి చూపేవాడికి కూలి దొరికింది. పాలకి బేరం వచ్చింది. ఇల్లు సత్రమైంది, సత్రం హోటలైంది. రీగి కొండమీదకి డబ్బున్నవాళ్ళని డోలీల్లో మోసుకెళ్ళే కూలీలుండేవారు. సూర్యోదయం చూడ్డానికని అంతా రాత్రే పైకి చేరితే, తెల్లారగట్ల హోటలువాళ్ళు బూర ఊది లేపేవారు. మార్క్ ట్వేన్ అక్కడికి వెళ్ళి, ఒళ్ళెరగకుండా నిద్రపోయి, బూర వినగానే దుప్పటి కప్పుకుని బయటికి పరుగెత్తి, చూస్తే అది సూర్యాస్తమయమట! 1880లో అచ్చయిన యాత్రా పుస్తకంలో తనమీద తనే అలా వేళాకోళమాడుకున్నాడు. 1871 మే నెలలో ఆ కొండకి పళ్ళచక్రాల రైలు వచ్చింది. యూరప్‌లో అదే మొదటి కొండ రైలు. డోలీవాళ్ళ పని పోయింది, రైలువాళ్ళకి పని దొరికింది.

ఇక యుంగ్‌ఫ్రావ్ రైలు సంగతి. ఐగర్ కొండ కడుపు తొలిచి, 3,454 మీటర్ల ఎత్తుకి మనిషిని కూర్చోబెట్టి తీసుకెళ్ళే రైలది. 1896లో తవ్వకం మొదలెడితే 1912 ఆగస్టుకి గాని పూర్తికాలేదు. తలపెట్టిన గుయెర్-త్సెల్లర్ 1899లోనే పోయాడు. తవ్వినవాళ్ళు చాలావరకు ఇటలీ నించి కూలికొచ్చినవాళ్ళు. పేలుళ్ళలోనూ ప్రమాదాల్లోనూ ముప్ఫైమందిదాకా చనిపోయారు. మేం ఆ చీకటి సొరంగంలో వెళ్తున్నంతసేపూ పెట్టెలో పిల్లలు చాక్లెట్లు తింటున్నారు. మా ఆవిడ మాత్రం కిటికీ అద్దంవైపు తిరిగి చేతులు జోడించింది. ఎవరికి అని నేనడగలేదు.

పైకెళ్ళి చూస్తే ఎటుచూసినా మంచు. "ఇంకా బోలెడుంది కదా" అన్నాను ధైర్యంగా. మా అల్లుడు అప్పుడు చెప్పాడు. "మామయ్యగారూ, 2022, 2023 రెండేళ్ళలోనే ఈ దేశపు హిమానీనదాల్లో పదోవంతు కరిగిపోయిందండీ."

జెమైమా కాలం తర్వాత మొదట్లో మంచు వెనక్కి తగ్గడానికి ప్రకృతి సహజమైన కారణాలూ ఉన్నాయి. కాని ఈ ముప్ఫై నలభై ఏళ్ళ వేగానికి కారణం మాత్రం మనం కాల్చే బొగ్గూ, పెట్రోలూ. 2025 మే 28న ఈ కొండల వరసకి అవతలి పక్క బ్లాటెన్ అనే పల్లెమీద పై కొండ రాళ్ళ బరువుకి హిమానీనదం విరిగిపడింది. ఊరు దాదాపు మొత్తం కప్పడిపోయింది. ముందే ప్రమాదం పసిగట్టి మూడువందల మందిని ఖాళీ చేయించారు గనక బతికారు. అయినా ఒక ప్రాణం పోయింది. ఆ ఊరివాళ్ళు తిరిగి చూసుకుంటే వాకిలి లేదు, వీధి లేదు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ కొండ పల్లెల పేదరికాన్ని పోగొట్టడంలో వేసవి చుట్టాల చెయ్యి చాలా ఉంది. ముష్టెత్తిన పిల్లల మునిమనవలు ఇవాళ మనకి కాఫీ తెచ్చిపెట్టి, మనం నిట్టూర్చేంత ధర తీసుకుంటున్నారు. చాలా సంతోషం. కాని వాళ్ళు చూడవచ్చిన ఆ మంచు కరిగిపోవడంలోనూ చుట్టాల పాలు ఉంది. నేనేదో ఒడ్డున కూర్చుని నీతులు చెబుతున్నానని అనుకోకండి. సగం భూగోళం దాటి విమానంలో వెళ్ళినవాణ్ణి. ఆ పొగలో నా వాటా నాదే. చుట్టరికం కలుపుకుని ఇంటికెళ్ళి, ఆ ఇంటి పైకప్పే దించేసి వచ్చినట్టుంది వ్యవహారం.

చుట్టాల్ని తెచ్చిన థామస్ కుక్ కంపెనీ కూడా 2019 సెప్టెంబరులో దివాళా తీసి మూతపడింది. జెమైమా కాయితాలు మాత్రం ఉన్నాయి.

తిరుగు ప్రయాణానికి ముందురోజు సాయంత్రం మళ్ళీ ఆ కాఫీ హోటల్లోనే కూర్చున్నాం. మా ఆవిడ ఖర్చుల పుస్తకం తీసింది. "కాఫీలు రెండు" అని రాస్తుందనుకున్నాను. రాయలేదు. పేజీకి అడ్డంగా కొండల గీత గీసింది. ఆవిడకి బొమ్మలు రావు. ముగ్గులు వచ్చు. ఆ చేత్తోనే ఐగర్‌నీ, పక్క కొండల్నీ చుక్కలుపెట్టి కలిపి, మంచు ఎంతదాకా ఉందో అక్కడ ఓ అడ్డగీత పెట్టి, కింద తేదీ వేసింది.

"ఎందుకది?" అన్నాను.

"మనవరాలు ఎప్పుడైనా వస్తే చూసుకుంటుందని" అంది.