పనిచోట తుపాకి

సంస్థ నిబంధనలను కాదని ఉద్యోగి రహస్యంగా తుపాకి తెచ్చుకోవడం ప్రధానంగా అమెరికాలో నలిగిన వివాదం. ఓక్లహోమాలోని వేలియంట్ కాగితపు మిల్లులో 2002లో కార్లలో తుపాకులు దొరికిన ఉద్యోగుల కొలువు పోయింది. తాళం వేసిన బండిలో ఆయుధం ఉంచుకోవడాన్ని యజమానులు నిషేధించకూడదని 2004లో ఆ రాష్ట్రం చట్టం చేసింది.

భారత్‌లో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. లైసెన్సున్నా, ప్రత్యేక అనుమతి లేనిదే జాతరకు, ఊరేగింపుకు, విద్యాసంస్థ ఆవరణలోకి తీసుకెళ్లకూడదు.

ఏలూరు, తాడేపల్లిగూడెంలలో పనిచోట కనిపించే తుపాకి ఎక్కువగా బ్యాంకు గార్డుదే: భుజాన పొడవాటి గొట్టం, నడుముకు తూటాల పట్టీ. ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలను పోలీసుస్టేషన్‌లో అప్పగించమంటారు. గార్డులకు మినహాయింపు ఇస్తుంటారు.

ఏలూరు దగ్గరున్న, 1999లో ప్రకటించిన కొల్లేరు అభయారణ్యంలోకైతే పనిమీద వెళ్లినా ముందస్తు రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ ఆయుధంతో అడుగుపెట్టరాదు.