నేలమాళిగ చల్లదనము

డబ్లిను నగరమున సెయింట్ జేమ్సెస్ గేటు చెంత 1759లో ఆర్థర్ గిన్నిస్ యేటికి 45 పౌనుల శిస్తుపై 9,000 ఏండ్ల కౌలు పుచ్చుకొని బీరు కాయ నారంభించిన కాలమున, పానీయమునెంత చల్లగా వడ్డింపవలెననెడి ప్రశ్నకే తావు లేకుండెను; పీపా యుండిన నేలమాళిగ యెంత చల్లనిదో పానీయమును నంత చల్లనిదే. ఆ ప్రాంతపు మాళిగలలో నది సుమారు 11 మొదలు 13 సెంటిగ్రేడు డిగ్రీలు. మాడ వేయించిన ధాన్యపు చేదును, కాఫీని తలపించు పరిమళమును, నురుగు క్రింద స్టౌటనెడి నల్లని బీరున దాగిన యించుక తీపియు నాలుకకు తెలియవలెనన్న నీపాటి చల్లదనమే మేలు. మరింత చల్లబడెనా, వాసన యణగి చేదొక్కటే మిగులును.

1870ల దశాబ్దమున మ్యూనిక్కులో కార్ల్ ఫాన్ లిండె స్పాటెన్ వారి బట్టీకి శీతలయంత్రమును సమకూర్చిన పిమ్మట, చలిలో పులియు లాగరు దేశదేశముల వ్యాపించి, బీరనగా మంచువలె నుండవలెనను నమ్మకమును ప్రబలింపజేసెను. తేలికయై దాహము దీర్చు లాగరున కది తగును. స్టౌటును సైతము ఆ యొరవడినే పట్టించుట రుచికన్న వాడుకకు లొంగుటయే. 1959లో నత్రజని చేర్చి సన్నని నురుగు పుట్టించిన గిన్నిస్ వారును నేడు 6 డిగ్రీల చుట్టుపట్లనే వడ్డింపుమందురు. సీసాలోని చిక్కని స్టౌటును మాత్రము ఫ్రిజ్జునుండి తీసి పావుగంట యాగి త్రాగుటయే యుచితము.